స్కూల్లోనే వృత్తి కోర్సు చదివితే పని దొరుకుతుందా? దొరికిన పని నిలుస్తుందా?

మేనమామ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే తప్ప రాసింది తక్కువ. ఇప్పుడు ఇంట్లో పంచాయితీ నా నెత్తిన పడింది కాబట్టి అడుగుతున్నాను.

మా అక్క కొడుకు పదో తరగతి అయింది. మార్కులు అటూ ఇటూ కానివి. వాడు వృత్తి కోర్సులో, ఎలక్ట్రికల్‌లో చేరతానంటున్నాడు. పుస్తకం ముందు అరగంట కూర్చోలేడు గానీ, పాడైన ఫ్యాను విప్పాడంటే పిలిచినా పలకడు. బావగారేమో "రెండేళ్లు ఓర్చుకుని మామూలు చదువు చదివితే డిగ్రీ దాకా పోతాడు, ఇప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే అక్కడే ఆగిపోతాడు" అంటారు. అక్క ఇద్దరి మధ్యా నలిగిపోతోంది.

నేనడిగేది రెండే ముక్కలు. స్కూలు స్థాయిలో వృత్తి విద్య చదివినవాళ్లకి పని త్వరగా దొరుకుతుందా? దొరికితే, నలభై, యాభై ఏళ్లు వచ్చేసరికి వాళ్ల పరిస్థితేంటి? "పిల్లాడికి ఇష్టమైంది చదివించండి" అని మాత్రం చెప్పకండి. అది మా పక్కింటాయన ఇప్పటికే చెప్పేశాడు.

---

సందేహాలరావు | 9:58

పక్కింటాయన ఊరికే చెప్పాడు కాబట్టి మీకు ఆనలేదు. ఇక్కడా ఊరికే చెబుతాం, కాకపోతే పొడుగ్గా చెబుతాం.

---

టర్నర్‌బాబాయ్ | 10:25

నేను వృత్తి కోర్సు నుంచి వచ్చినవాణ్ణే. పదిహేడో ఏట లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ కోసే యంత్రం) ముందు నిలబడ్డాను, ఇప్పుడు యాభై మూడు. పన్నెండేళ్లుగా కుర్రాళ్లని పనిలోకి తీసుకునేది కూడా నేనే. రెండు పక్కలా చూశాను కాబట్టి చెబుతున్నాను.

సర్టిఫికెట్ పట్టుకొచ్చిన కుర్రాడికి నేను పెట్టే పరీక్ష పది నిమిషాలు. ఒక రాడ్డు ముక్క, ఒక వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) చేతికిచ్చి కొలత చెప్పమంటాను. వెర్నియర్ కావాలనే పాతది ఇస్తాను. దాని దవడలు పూర్తిగా మూసినా సున్నా మీద సున్నా పడదు, రెండు గీతలు తప్పుతుంది, అంటే 0.04 మిల్లీమీటర్లు. పని చేసినవాడైతే ముందు దవడలు మూసి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. పుస్తకంలో బొమ్మ చూసి వచ్చినవాడు తిన్నగా రాడ్డు మీద పెట్టేస్తాడు. నాకు సర్టిఫికెట్ మీది మార్కులతో ఇంక పనిలేదు. ఒకసారి ఒక కుర్రాడు "సార్, మా స్కూల్లో లేత్ ఉంది, చూశాం, తిప్పలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. వాణ్ణి తీసుకున్నాను. కనీసం తనకి రాదని వాడికి తెలుసు.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: దొరుకుతుంది, స్కూల్లో చేయి నల్లబడి ఉంటే. అది లేకపోతే ఆ కోర్సూ ఒకటే, మామూలు చదువూ ఒకటే. ఇంకా చెప్పాలంటే మామూలు చదువే నయం, వాడికి కనీసం పైకి దారి ఉంటుంది.

నలభై ఏళ్ల సంగతికి ఒక కథ చెప్పాలి. నాతోపాటు ఒకే రోజు చేరిన స్నేహితుడు ఒకడున్నాడు. టేపర్ తిప్పడంలో, అంటే ముక్క ఒక చివరకి సన్నబడేలా కోయడంలో, వాడి చేతికి తిరుగులేదు. కోసే పనిముట్టు ఉండే కాంపౌండ్ స్లైడ్ వదులు చేయడం, ఇంత తిప్పడం, డయల్ పెట్టి చూడడం, మళ్లీ చిన్నగా తట్టడం. కోణం ఎంతో వాడికి తెలియదు, తెలియాల్సిన అవసరం పడలేదు. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు వచ్చాయి. డ్రాయింగులో పెద్ద వ్యాసం 40, పొడవు 50, పక్క కోణం 5 డిగ్రీల 43 నిమిషాలు అని రాసి వదిలేస్తారు. మిషన్‌కి మాత్రం చివర వ్యాసం ఎంతో అంకె చెప్పాలి. ఆ కోణానికి టాంజెంట్ 0.1. యాభైని దాంతో గుణిస్తే పక్కకి 5, రెండు పక్కలా 10, కాబట్టి చివర వ్యాసం 30. అంతే లెక్క. స్కూల్లో చెప్పే త్రికోణమితి చాలు.

వాడికది ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు, అదీ నా గొప్ప కాదు. మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన మెషిన్ షాప్ పిల్లలకి కూడా పట్టుబట్టి క్లాసు తీసుకునేవాడు. మేం తిట్టుకునేవాళ్లం. పాత లేతులు తీసేసినప్పుడు వాడు స్టోర్‌లోకి వెళ్లాడు, నేను మిషన్ దగ్గరే ఉన్నాను. చేతి పనిలో వాడు నాకంటే మొనగాడు. ఇప్పటికీ ఆ మాట ఒప్పుకుంటాను.

---

అంకెలరాజు | 11:10

బాబాయ్ చెప్పిన కథే పెద్ద స్థాయిలో అంకెల్లో కనిపిస్తుంది. 2017లో ఆర్థికవేత్తలు ఎరిక్ హనుషెక్, లుడ్జర్ వోస్మన్ తదితరులు 11 దేశాల సమాచారం తీసుకుని, వృత్తి విద్య చదివినవాళ్లూ సాధారణ విద్య చదివినవాళ్లూ ఏ వయసులో ఎంతమంది పనిలో ఉన్నారో పోల్చారు. వయసులో ఉన్నప్పుడు వృత్తి విద్యవాళ్లది పైచేయి. వయసు పెరిగేకొద్దీ ఆ తేడా కరిగి, చివరికి తిరగబడుతుంది. ఈ తిరగబడడం ఎక్కడ ఎక్కువ అంటే, అందరూ మెచ్చుకునే అప్రెంటిస్ పద్ధతి బలంగా ఉన్న దేశాల్లో, అంటే జర్మనీ, డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలో. పనికి అతుక్కుపోయేలా నేర్పితే మొదట్లో లాభం, ఆ పనే పోతే నష్టం అని వాళ్ల వివరణ.

అయితే మేనమామ గారూ, ఇది చదివి బావగారికి చూపించేయకండి. ఇందులో ఒక మెలిక ఉంది. వృత్తి విద్యలోకి వెళ్లే పిల్లలూ మామూలు చదువుకి వెళ్లే పిల్లలూ మొదటి నుంచీ ఒకే రకం కాదు. ఇంటి పరిస్థితి వేరు, మార్కులు వేరు. ఇరవై ఏళ్ల తర్వాత జీతాల్లో తేడా కనిపిస్తే అది కోర్సు వల్లా, వెళ్లిన మనిషి వల్లా?

దీన్ని విడదీయడానికి రొమేనియా బాగా పనికొచ్చింది. 1973లో అక్కడి ప్రభుత్వం నిబంధన మార్చి, వృత్తి శిక్షణలోకి పోవాల్సిన చాలామంది పిల్లల్ని మామూలు చదువు వైపు మళ్లించింది. ముందు పుట్టినవాళ్లు ఒక పద్ధతిలో, కాస్త తర్వాత పుట్టినవాళ్లు ఇంకో పద్ధతిలో చదివారు. మనుషులు దాదాపు ఒకటే, చదువే వేరు. ఏళ్ల తర్వాత ఆఫర్ మలముద్, క్రిస్టియన్ పాప్-ఎలెకెస్ లెక్క చూస్తే, మామూలు చదువుకి మళ్లినవాళ్లు చేతి పనుల్లో తక్కువగా ఉన్నారు, అంతే. నిరుద్యోగంలో తేడా లేదు, సంపాదనలో తేడా లేదు. అంటే అంతకు ముందు అందరూ "వృత్తి చదువు వల్ల" అనుకున్న తేడాలో చాలా భాగం చదువుది కాదు, మనుషులది.

---

సందేహాలరావు | 11:21

ఇంతకీ ఏదైనా ఒకటేనా? ఈ మాత్రానికి మేనమామ గారి పక్కింటాయన చాలు.

---

అంకెలరాజు | 11:34

ఒకటే కాదు రావుగారూ, ఓపిక పట్టండి. ఫిన్లాండ్‌లో స్కూలు సీట్లు ఒకే చోట, మార్కుల వరుసలో ఇస్తారు. కటాఫ్‌కి ఒక మార్కు అటూ ఇటూ ఉన్న పిల్లలు దాదాపు కవలల్లాంటివాళ్లు. వాళ్లలో ఒకడికి వృత్తి కోర్సు వచ్చింది, ఒకడికి రాలేదు. 2022లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, వృత్తి కోర్సులో సీటు దొరికినవాళ్ల ఏడాది ఆదాయం 31 ఏళ్ల వయసులో 7 శాతం ఎక్కువ. ఆ తేడా తగ్గుతున్న జాడా లేదు. యంత్రాలు మింగేసే ఉద్యోగాల్లో వాళ్లు ఎక్కువగా ఇరుక్కోనూ లేదు. లాభం ఎవరికి ఎక్కువ అంటే, దరఖాస్తులో వృత్తి కోర్సే కావాలని కోరుకున్నవాళ్లకి.

పక్కింటాయన మాటలో కొంత నిజం ఉందన్నమాట. ఆయనకి చెప్పకండి.

---

ఒకేషనల్_టీచరమ్మ | సోమవారం, ఉదయం 6:15

స్కూలుకి వెళ్లేలోగా రెండు ముక్కలు రాసి వెళ్తాను. నేను పద్నాలుగేళ్లుగా వృత్తి కోర్సు పిల్లలకి పాఠం చెబుతున్నాను. రాజుగారు చెప్పిన దేశాల్లో వృత్తి కోర్సు అంటే ఒక అర్థం, చాలా చోట్ల దానికి ఇంకో అర్థం. పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటి కాదు.

నేను గతంలో పనిచేసిన ఒక స్కూల్లో ముప్పై రెండు మంది పిల్లలకి మూడు మిషన్లు. పని చేసేది ఒకటి. దానికీ పై అధికారులు వచ్చినప్పుడే కవరు తీసేవాళ్లం. కొయ్యడానికి ఇనుము కొనాలంటే కాగితాలు మూడు టేబుళ్లు తిరగాలి. అందుకని పిల్లలు ఏడాదంతా రికార్డు రాసేవాళ్లు. నీలం ఇంకుతో పేరా, నల్ల పెన్సిల్‌తో బొమ్మ, కింద "ఫలితం: ఇచ్చిన కొలతలకు జాబ్ తయారు చేయబడినది". ఇక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు, కోసి తయారు చేసిన ముక్క. జాబ్ లేదు, ఫలితం ఉంది. అక్షరాల నేల విడిచి సాము. ఆ రికార్డు మీద నేనూ సంతకాలు పెట్టాను, దాచుకోవడం ఎందుకు.

రెండో సంగతి. పిల్లలు మా దగ్గరికి ఎలా వస్తారు? చాలామంది కోరుకుని రారు. లెక్కల్లో తక్కువ వచ్చిందని అటు నుంచి ఇటు తోసేస్తారు. మళ్లీ ఇటు వచ్చాక వాళ్లకి లెక్కలు తగ్గించేస్తారు, "వీళ్లకెందుకులే" అని. నిన్న బాబాయ్ గారి టేపర్ కథ చదివి నాకు గొంతు పట్టేసింది. ఆయనకి పట్టుబట్టి చెప్పిన మాస్టారిలాంటివాళ్లని మేమే నెమ్మదిగా వేరే సెక్షన్లకి పంపించేశాం.

---

చూద్దాంలే | ఉదయం 8:02

పచ్చిగా చెప్పాలంటే అటు వెళ్లేది చదువు ఎక్కని మొద్దులే కదా. మొద్దులకి మంచి ఉద్యోగాలు రాలేదని అంత పరిశోధన ఎందుకు?

---

టర్నర్‌బాబాయ్ | 8:20

నాయనా, లేత్‌లో ముక్కని పట్టుకునే నాలుగు దవడల చక్‌లో జాబ్‌ని 0.02 మిల్లీమీటర్ల లోపు సెంటర్‌కి తీసుకొచ్చి చూపించు. తర్వాత మొద్దెవరో కూర్చుని మాట్లాడుకుందాం.

---

మోడరేటర్ | 8:41

పిల్లల్ని ఉద్దేశించి ఆ మాట వాడొద్దు. తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. బాబాయ్ గారి పోస్టు సాంకేతిక ప్రశ్న కిందికి వస్తుంది కాబట్టి ఉంచాను.

---

రెండోదారి | 10:30

> ఇప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే అక్కడే ఆగిపోతాడు

మేనమామ గారి బావగారి మాట ఇది. ఆగలేదనడానికి నేను సాక్ష్యం, కానీ ఎంత కష్టమైందో కూడా చెప్పాలి.

వృత్తి కోర్సు తర్వాత మూడేళ్లు పని చేశాను. తర్వాత సాయంత్రం క్లాసుల్లో చేరి, అదనపు పరీక్షలు రాసి డిగ్రీలోకి వెళ్లాను. మోటార్ల గురించి లెక్చరర్ బోర్డు మీద గీస్తుంటే నాకు లోపల నవ్వొచ్చేది, ఎందుకంటే ఆ మోటార్లని నేను విప్పి చుట్టాను. కానీ మర్నాడు అదే లెక్చరర్ సమాకలనం (ఇంటిగ్రేషన్) మొదలుపెడితే నాకు నవ్వు ఆగిపోయేది. స్కూల్లో మాకు ఆ అధ్యాయాలే లేవు. పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు గబగబా చేసేస్తుంటే ఇరవై రెండేళ్ల నేను బల్ల కింద సూత్రాల చీటీ పెట్టుకుని చూసుకునేవాణ్ణి. మొదటి ఏడాది రెండు పేపర్లు పోయాయి.

అందుకే కోర్సు మంచిదా చెడ్డదా అని అడగడం కంటే, పైకి తలుపు ఉందా, ఉంటే దాని గడప ఎంత ఎత్తు అని అడగాలి. స్విట్జర్లాండ్‌లో పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది వృత్తి శిక్షణ వైపే వెళ్తారు. అయినా అక్కడ అది చిన్నతనం కాదు. 1994లో వాళ్లు వృత్తి పట్టభద్రత పరీక్ష ఒకటి పెట్టారు. అప్రెంటిస్‌గా ఉంటూనే భాష, లెక్కలు అదనంగా చదివి అది పాసైతే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లోకి నేరుగా వెళ్లొచ్చు. నాలాగా మూడేళ్లు ఆగి గోడ దూకనక్కర్లేదు.

---

వెన్నెల_వైర్ | మధ్యాహ్నం 1:15

ఇప్పటిదాకా అందరూ "కుర్రాడు, కుర్రాడు" అంటున్నారు. నేను ఆడపిల్లని, ఎలక్ట్రికల్ వృత్తి కోర్సే చదివాను. మా బ్యాచ్‌లో ఇద్దరమే అమ్మాయిలం. ఇద్దరికీ మంచి మార్కులే. అబ్బాయిలకి ఆరు నెలల్లో పని దొరికింది. నన్ను ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న "స్తంభం ఎక్కుతావా?" రెండోది "పెళ్లెప్పుడు?" ఎక్కుతానన్నాను. రెండోదానికి జవాబు చెప్పలేదు. ఉద్యోగం రాలేదు. తర్వాత ప్యానెల్ బోర్డులు వైరింగ్ చేసే చోట చేరాను. ఇప్పుడు టెస్టింగ్ సెక్షన్ నాదే.

రాజుగారూ, మీ లెక్కల్లో ఆడవాళ్ల మాట ఏమన్నా ఉందా?

---

అంకెలరాజు | 2:40

ఉందమ్మా, అది అంత బాగాలేదు. అమెరికాలో హైస్కూల్లోనే ఒక్కో వృత్తి రంగం చుట్టూ చిన్న బృందాలుగా చదువు చెప్పి, దగ్గర్లోని సంస్థలతో కలిపే కెరీర్ అకాడమీలు అని ఉన్నాయి. సీట్లు లాటరీ పద్ధతిలో ఇచ్చారు కాబట్టి పోలిక నమ్మదగింది. స్కూలు అయ్యాక 8 ఏళ్లపాటు చూస్తే, అందులో చదివినవాళ్ల సంపాదన సగటున 11 శాతం ఎక్కువ. ఆ లాభం దాదాపుగా మగపిల్లలదే, వాళ్లకి 17 శాతం. కనెటికట్ రాష్ట్రంలో సాంకేతిక హైస్కూళ్ల మీద చేసిన అధ్యయనంలోనూ అంతే. సీటు దొరికిన మగపిల్లల సంపాదన సుమారు 30 శాతం పెరిగింది, చదువు మధ్యలో మానేయడమూ తగ్గింది. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి తేడా కనపడలేదు.

నార్వే ఇంకా ఆలోచించదగ్గది. 1994లో అక్కడ ఒకేసారి దేశమంతా సంస్కరణ తెచ్చారు. వృత్తి కోర్సులో సాధారణ పాఠాలు పెంచారు, కాలేజీకి దారి తెరిచారు, అప్రెంటిస్ అవకాశాలు పెంచారు. పేద ఇళ్ల మగపిల్లలకి బాగా కలిసొచ్చింది, సంపాదన పెరిగింది. కానీ ఆడా మగా సంపాదనల మధ్య దూరం కొంత పెరిగింది. మగపిల్లలు వెళ్లే వృత్తులకి బజారులో ఒక ధర, ఆడపిల్లల్ని పంపే వృత్తులకి ఇంకో ధర. స్కూలు ఒక్కటే మారితే బజారు మారదు.

---

వెన్నెల_వైర్ | 2:52

బజారు దాకా ఎందుకు, స్తంభం దగ్గరే ఆగిపోయింది నా విషయంలో.

---

సందేహాలరావు | సాయంత్రం 5:30

ఇప్పుడు నా వంతు. వృత్తి విద్య అనగానే జర్మనీ భజన మొదలవుతుంది. జర్మనీలో పిల్లాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో ఉంటాడు, ఒకటి రెండు రోజులు స్కూల్లో. కంపెనీయే వాడితో ఒప్పందం రాసుకుని, జీతం ఇచ్చి నేర్పుతుంది. పరీక్ష పెట్టేది స్కూలు కాదు, వాణిజ్య పరిశ్రమల మండలి. ఇదంతా 1969 నాటి చట్టం కింద నడుస్తుంది, దాని వెనక తరాల అలవాటు ఉంది. మిగతా దేశాలు ఇందులోంచి ఏం పట్టుకెళ్లాయి? స్కూలు బోర్డు ఒక్కటే. కంపెనీని అక్కడే వదిలేసి వచ్చాయి.

ఇండోనేషియానే చూడండి. 2006 ప్రాంతంలో హైస్కూలు పిల్లల్లో అధిక శాతాన్ని వృత్తి పాఠశాలల్లోకి మళ్లించాలని పెద్ద లక్ష్యమే పెట్టుకున్నారు. ఊరూరా పాఠశాలలు వెలిశాయి. ఇటీవలి సంవత్సరాల ప్రభుత్వ లెక్కల్లో, చదువు స్థాయిలన్నింటిలోకీ నిరుద్యోగం ఎక్కువున్నది ఆ వృత్తి పాఠశాలల నుంచి వచ్చినవాళ్లలోనే. చైనాలో కొన్ని వృత్తి హైస్కూళ్లని పరిశీలిస్తే, కంప్యూటర్ కోర్సు చదివిన పిల్లలకి లెక్కలు వెనకబడ్డాయి, కంప్యూటరూ మామూలు స్కూలు పిల్లల కంటే మెరుగ్గా రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి.

ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1965లోనే ఫిలిప్ ఫాస్టర్ అనే ఆయన ఘనాని చూసి చెప్పాడు. పిల్లలూ తల్లిదండ్రులూ అమాయకులు కాదు, ఏ చదువుకి జీతం ఉందో ఆ చదువు వైపు పోతారు, అక్కడ పుస్తకాల చదువే అసలైన వృత్తి చదువు అయింది అని. ఉద్యోగాలు లేని చోట స్కూల్లో లేత్ పెడితే ఉద్యోగాలు పుట్టవు. లేత్‌కి తుప్పు పడుతుంది.

---

ఒకేషనల్_టీచరమ్మ | 7:05

రావుగారు మొదటిసారి రెండు వాక్యాలు మించి రాశారు, అదీ ఒప్పుకోక తప్పనివి. కానీ దీనికి విరుగుడుగా "అయితే సాధారణ పాఠాలు దండిగా కలిపేద్దాం" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. స్వీడన్‌లో 1991 సంస్కరణతో రెండేళ్ల వృత్తి కోర్సుని మూడేళ్లు చేసి, పుస్తకాల చదువు పెంచారు. ఉద్దేశం మంచిదే, పైచదువుకి దారి తెరవాలని. పైచదువుకి వెళ్లేవాళ్లు పెరగలేదు. మార్కులు తక్కువ ఉన్న పిల్లలు మధ్యలో మానేయడం పెరిగింది. 2008 తర్వాత మాంద్యం వచ్చినప్పుడు చూస్తే, ఆ అదనపు ఏడాది వాళ్లని నిరుద్యోగం నుంచి కాపాడినట్టు కూడా కనపడలేదు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

నా అనుభవంలో తేడా ఎక్కడొస్తుందంటే, ఆ లెక్కల్ని ఎక్కడ నిలబెట్టి చెబుతాం అన్నదాంట్లో. నల్లబల్ల ముందు "టాన్ తీటా" అంటే మా పిల్లలు కిటికీలోంచి చూస్తారు. ముక్క చేతిలో పెట్టి "దీని చివర ఎంతకి రావాలి, ఇనుము ఒక్కటే ఉంది, పాడైతే ఇంకోటి లేదు" అంటే ఆ టాన్ తీటా వాళ్లే అడుగుతారు. ఇలా చెప్పాలంటే లెక్కలూ మిషనూ రెండూ తెలిసిన టీచరు కావాలి. అలాంటివాళ్లకి బయట రెట్టింపు జీతం వస్తుంది, మా దగ్గరికి ఎందుకొస్తారు?

---

టర్నర్‌బాబాయ్ | 7:48

టీచరమ్మ గారూ, మీ స్కూలుకి నెలకో శనివారం నేనొస్తాను. జీతం వద్దు. నా పాత వెర్నియర్ తెచ్చుకుంటాను.

---

అంకెలరాజు | 8:30

పాఠాలు పాతబడడం గురించి ఒక్క మాట. జర్మనీ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది కంపెనీ భాగం కాదు, వృత్తుల పట్టికని తిరగరాయడం. అక్కడ గుర్తింపు పొందిన వృత్తులు 300 పైచిలుకు. కార్ల మెకానిక్ వేరు, కార్ల ఎలక్ట్రీషియన్ వేరు అని చాలాకాలం ఉండేది. కారులో ప్రతి భాగానికీ వైరూ సెన్సరూ వచ్చిపడ్డాక, ఒకడు బానెట్ ఎత్తి ఇంకొకణ్ణి పిలవాల్సిన పరిస్థితి వచ్చింది. 2003లో రెండింటినీ కలిపి ఒకే వృత్తి చేశారు. అంతకు ముందే, 1998లో, యంత్రం, కరెంటు, కంప్యూటర్ కలిసిన మెకట్రానిక్స్ అనే కొత్త వృత్తిని పెట్టారు. పిల్లాడు నేర్చుకునేది బయట ఉన్న పని అవుతుంది, ఇరవై ఏళ్ల కిందటి పని కాదు. ఒక రంగానికి మరీ ఇరుకైన కోర్సు పెడితే నలభై ఏళ్లకి వచ్చే దెబ్బ ఎక్కువ. మేనమామ గారూ, "మోటార్ రివైండింగ్" (కాలిన మోటార్ తీగ మళ్లీ చుట్టడం) అని ఒకటీ, "ఎలక్ట్రికల్" అని ఒకటీ ఉంటే రెండోది తీసుకోమనండి, మొదట్లో నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టినా సరే.

---

మేనమామ | 9:15

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. బావగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. రొమేనియా దగ్గర "చూశావా" అన్నారు, ఫిన్లాండ్ దగ్గర దగ్గారు.

గురువారం స్కూలు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. ఏం చూడాలి? ఏం అడగాలి? టకటకా చెప్పండి.

---

వెన్నెల_వైర్ | 9:31

ఎలక్ట్రికల్ కాబట్టి ఇది నా పేట. ల్యాబ్‌లోకి వెళ్లగానే వైరింగ్ బోర్డుల చెక్క చూడండి. మరకలు, కాలిన మచ్చలు, పాత స్క్రూ రంధ్రాలు ఉంటే పిల్లలు చేస్తున్నట్టు. నున్నగా మెరుస్తుంటే తిరిగి వచ్చేయండి. స్టార్-డెల్టా స్టార్టర్ (మోటార్‌ని మొదట తక్కువ కరెంటుతో నడక మొదలుపెట్టించే అమరిక) కనెక్షన్ చేయిస్తారా అని అడగండి. చేయిస్తాం అంటారు. "కరెంటు ఇచ్చి మోటార్ తిప్పుతారా?" అని అప్పుడు అడగండి. మా దగ్గర కరెంటు లేని బోర్డు మీద వైర్లు బిగిస్తే మార్కులు వేసేసేవాళ్లు. పనిలో చేరిన మొదటి వారం నేను ఆరు టెర్మినళ్లలో రెండు తారుమారు చేశాను. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

---

టర్నర్‌బాబాయ్ | 9:40

పాఠం చెప్పే ఆయన బయట ఎన్నేళ్లు పని చేశాడో అడగండి. ఆయన చేతులు చూడండి.

---

రెండోదారి | 9:44

ఆ కోర్సు తర్వాత పైచదువుకి ఏ పరీక్ష రాయాలి, దానికి కావాల్సిన లెక్కలు అక్కడే చెబుతారా, లేక పిల్లాడే చూసుకోవాలా. ఈ జవాబు నోటిమాటగా తీసుకోకండి. కాగితం మీద చూపించమనండి.

---

సందేహాలరావు | 9:50

రెండేళ్ల కిందట పాసైన ఐదుగురి ఫోన్ నంబర్లు అడగండి. ఇచ్చేవాళ్లయితే మంచి స్కూలు. "మా పిల్లలందరూ సెటిలయ్యారండీ" అని మాత్రం అంటే, వాళ్లెవరికీ తెలియదని అర్థం.

---

మేనమామ | గురువారం, రాత్రి 8:20

వెళ్లొచ్చాం. నేను, అక్క, బావగారు, వాడు.

నంబర్లు అడిగితే ఆఫీసులో బిక్కమొహం వేశారు, కానీ ఎలక్ట్రికల్ మాస్టారు తన ఫోన్‌లోంచే నలుగురివి ఇచ్చారు. ముగ్గురు ఎత్తారు. ఇద్దరు ఇదే పనిలో ఉన్నారు, ఒకరు ఏ సంబంధమూ లేని దుకాణంలో ఉన్నాడు. మాస్టారు తొమ్మిదేళ్లు బయట పని చేసి వచ్చారట, కుడి బొటనవేలి గోరు సగమే ఉంది. బాబాయ్ గారూ, చేతులు చూడమన్నారు కదా. పైచదువు లెక్కల గురించి కాగితం ఏమీ లేదు. "విడిగా చదువుకోవాలి" అన్నారు. అది నాకు నచ్చలేదు, బావగారికి అస్సలు నచ్చలేదు. ట్యూషన్ పెట్టించే బాధ్యత నా మీద వేశారు.

ల్యాబ్‌లో బోర్డులు కాలిన మచ్చలతో మసిబారి ఉన్నాయి. వెన్నెల గారి ప్రశ్న నేను అడిగేలోపే మావాడు అడిగేశాడు, "మోటార్ తిరుగుతుందా సార్?" అని. మాస్టారు ఏం మాట్లాడకుండా స్విచ్ వేశారు. తిరిగింది, కానీ ఉల్టా తిరిగింది. అక్కడే పని చేస్తున్న పిల్లలు గొల్లుమన్నారు. ఆయన స్విచ్ తీసేసి, మెయిన్ కూడా దింపి, టెస్టర్ మావాడి చేతికిచ్చి "కరెంటు లేదని ముందు చూసుకో, తర్వాత ఏ రెండు వైర్లు మార్చాలో చెప్పు" అన్నారు. వాడు మూడు ఫేజులూ ఒక్కొక్కటే ముట్టించి చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. "ఏ రెండైనా పర్లేదు కదా సార్?" అన్నాడు.

బావగారు దరఖాస్తు ఫారం జేబులో పెట్టుకున్నారు. ఇంకా సంతకం పెట్టలేదు.